బుట్టాయన చెయ్యి

డాక్టర్ ఆకెళ్ళ విశ్వపతిని దొండపాటి గనిరాజు ఈ జన్మలో క్షమించడు. వచ్చే జన్మ సంగతి అప్పుడు చూసుకుంటానంటాడు.

పేపర్లో ఫొటో పడింది. విశ్వపతి మెళ్ళో శాలువా, పక్కన గాజుపెట్టె, పెట్టెలో తెల్లటి సన్నపాటి కూజా. ఇరవైనాలుగు వందల ఏళ్ళ కిందటి గ్రీకుదేశపు చావుకూజా అది. మూడొందల ముక్కలై, బొమ్మలో మూడోవంతు మాయమైపోయినదాన్ని, మొదట గీసినవాడి చేత్తోనే మళ్ళీ పూర్తి చేయించిన ఘనుడు ఈయన, అని కింద రాశారు. ఆ చెయ్యి కూడా ఫొటోలో ఉంది. కూజా పక్కన, మోచేతి దాకా. ఆ పైన మనిషిని కత్తిరించేశారు.

లోవతల్లి పేపరు తెచ్చి మొగుడి ముందు పరిచింది. "మావా, ఇది నీ చెయ్యే. మణికట్టు మీద కుండల ఆవం కాల్చిన మచ్చ, ఇదిగో."

"నాదేటే? బుట్టాయనది," అన్నాడు గనిరాజు. అని మొహం తిప్పుకున్నాడు.

సారెపాలెం ఏలేరు కాలవ పక్క ఊరు. దొండపాటివాళ్ళది కుమ్మరిల్లు. ఊళ్ళో పెళ్ళయితే అరివేణి కుండలు వాళ్ళింటినుంచే వెళ్ళాలి. ఊళ్ళో మనిషి పోతే తలకొరివి పెట్టేవాడు భుజానికెత్తుకునే కుండా వాళ్ళదే. అందుకుగాను నూకాలమ్మ గుడి మాన్యంలో ఒక చెక్క తాతలనాటినుంచి వాళ్ళ సాగులో ఉంది. కుండ ఇచ్చినన్నాళ్ళే భూమి. పెళ్ళికి కుండ ఇవ్వలేని రోజున కమిటీ ఆ చెక్కని ఇంకో ఇంటికి ఇచ్చుకోవచ్చు. కాగితం మీద లేకపోయినా ఊళ్ళో ఎరగనివాడు లేడు.

ఇంకో కట్టడి ఉంది. కుమ్మరిసారె తిప్పిన కుడిచెయ్యే రంగు కూడా పెట్టాలి. పెళ్ళివారు మేళంతో వచ్చి వాకిట్లో నిలబడ్డాక, ఆఖరి కుండ మీద ఎర్రటి జాజుతో వాళ్ళ కళ్ళెదుటే లత గియ్యాలి. చూసి, అప్పుడు ఎత్తుతారు కుండలు.

గనిరాజు ఐదో తరగతితో బడి మానేసిన మనిషి. అక్షరం రాయమంటే చెమటలు పట్టేవి గానీ, లత మాత్రం కుండ చుట్టూ ఒక్క ఊపిరిలో, కుంచె ఎత్తకుండా తిప్పేవాడు. చుట్టుపక్కల పది ఊళ్ళలో ఆ మాట చెప్పుకునేవారు. ఆ చెప్పుకోవడమే కొంప ముంచింది. ఎవరో చెప్పగా విని, మాఘమాసంలో విశ్వపతి కారేసుకుని విశాఖపట్నం నుంచి వచ్చాడు.

లోవతల్లి పీట వేసి అడిగింది. "ఏ జబ్బులకి డాక్టరండి తమరు?"

"జబ్బులకి కాదమ్మా. పాత సామాన్లకి."

"అయితే మా అత్తగారి పందిరిమంచం ఉందండి, కోడు ఊగిపోతంది. కాత్త చూద్దురూ!"

విశ్వపతి నవ్వాడు. నవ్వితే మంచివాడిలాగే ఉంటాడు. గనిరాజు గీసిన లతని కుండ చుట్టూ తిరిగి చూశాడు. తర్వాత అతని కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. నలభై ఎనిమిదేళ్ళలో అంత చదువుకున్నవాడెవడూ గనిరాజు చెయ్యి పట్టుకోలేదు. విశాఖపట్నంలో ఒక పాత కూజా బొమ్మ పూర్తి చెయ్యాలి, నలభై రోజుల పని, రమ్మంటే, కూలి ఎంతో కూడా గనిరాజు అడగలేదు. వస్తానన్నాడు.

అదే అతని తెలివితక్కువ. ఇప్పుడు అనుకుని ఏం లాభం.

*

పరిశోధనశాలలో సముద్రం వాసన లేదు, మట్టి వాసనా లేదు. చల్లగా, ఆస్పత్రిలా ఉంది. హిమజ అని ఒక అమ్మాయి, విశ్వపతి కింద పనిచేస్తోంది, కూజాని చూపించింది. అది ముక్కలైనది కాదు. దాని జత. నిండుగా ఉన్నది.

మెడ సన్నం, ఒళ్ళు నిలువు. ఒంటినిండా సుద్దపూత. దాని మీద సన్నటి గీతల్లో సమాధి మెట్లు, మెట్ల మీద కూర్చున్న ఆడమనిషి, ఒళ్ళో బుట్ట, బుట్టలో గుడ్డపేలికలు. సమాధికి కట్టడానికట. జుట్టు విరబోసుకుని ఉంది.

"పోయినవాళ్ళకి నూనె పోసి గోరీలో పెట్టేవాళ్ళు," అంది హిమజ. "దీన్ని చేసినవాడూ గీసినవాడూ ఒక్కడే. పేరు తెలీదు. అన్నిట్లోనూ బుట్ట గీస్తాడు కాబట్టి మేం బుట్ట చిత్రకారుడంటాం."

"బుట్టాయన," అన్నాడు గనిరాజు. ఆ పేరే నిలిచిపోయింది.

హిమజ తెర మీద కూజా లోపలి బొమ్మ చూపించింది. మెడ కింద ఇంకో చిన్న గిన్నె అతికించి ఉంది. పైనుంచి చూసేవాడికి కూజా నిండా నూనె ఉన్నట్టే. ఉన్నది మాత్రం చారెడు.

గనిరాజు పడీపడీ నవ్వాడు. "ఓరి నీ అసాధ్యం కూలా! సచ్చినోడికి కూడా టోపీ పెట్టాడండీ!"

ఆ రోజునుంచీ బుట్టాయన అతనికి బావమరిది వరస అయిపోయాడు. విశ్వపతి ఇంకో మాట చెప్పాడు. ఆ దేశంలో కుమ్మరుల వీధీ, శ్మశానమూ ఒకేచోట ఉండేవట. ఈ మనిషి నలభై ఏళ్ళు చావుకూజాలే చేశాడట. వేరే ఏదీ చేసిన జాడ లేదు.

పని ఇలా జరిగేది. ఒక సన్నటి వెలుగు కూజా మీద గీత వెంట పాకేది, లోపలి వేలిగాట్ల వెంట దిగేది. కుంచె ఎక్కడ ఆగిందో, ఎక్కడ నొక్కిందో, ఎక్కడ ఊపిరి తీసుకున్నాడో అన్నీ మిషను ఏరుకునేది. ప్రతి చేతికీ కంటికి కనపడని వణుకొకటి ఉంటుందట, ఒకరిది ఒకరికి రాదట. ఆ వణుకుని రాగితీగలతో నేసిన తొడుగులోకి పంపేవారు. తొడుగు గనిరాజు చేతికి. మోచేతినుంచి గోళ్ళదాకా చీమలు పాకినట్టుండేది. ముందు చదువుకున్న కుర్రాళ్ళకి తొడిగితే చేతులు వాచాయి తప్ప గీత రాలేదు. మట్టి ఎరిగిన చెయ్యి కావాలి. గనిరాజు చెయ్యి మూడోరోజుకే మాట వింది. అతను వద్దనుకున్న చోట మలుపు తిరిగింది, ఆగాలనుకున్న చోట ఆగలేదు. సుద్దపలక మీద, చూస్తుండగానే, ఒక ఆడమనిషి చెంప.

"ఎలా ఉంది గనిరాజూ?" అన్నాడు విశ్వపతి, గొంతు తగ్గించి.

"ఎవరో నా చేత్తో అన్నం తింటన్నట్టుందండి."

సంతకాలు పెట్టిన కాగితాల్లో ఒక ముక్క ఉంది. రోజూ మా పని అయ్యాక ఒక గంట నీ సారె మీద నీ పని నువ్వు చేసుకోవాలి, అని. గనిరాజు ఉంటున్న గది పక్కనే సారె పెట్టించారు, మట్టి తెప్పించారు. కాగితం ఇంగ్లీషులో ఉంది. నోటితో ఒకసారి విశ్వపతి అన్నాడు, పోతూ పోతూ. "సాయంత్రాలు సరదాగా సారె తిప్పుకో గనిరాజూ."

సరదా అన్నాడు. అవసరం అనలేదు.

*

గనిరాజు ఆ సారె ముట్టుకోలేదు.

ఎందుకు ముట్టుకోలేదో కుమ్మరింట పుట్టినవాడెవడికైనా చెప్పక్కర్లేదు. ఊళ్ళో శవం లేస్తే, చావుకుండ చేసిచ్చిన చెయ్యి పదకొండో రోజు పసుపునీళ్ళు పోసుకునేదాకా ఇంటి సారె మీద పెట్టరు. ఆ చేత్తో పెళ్ళికుండ మట్టి తాకితే పెళ్ళికూతురికి అరిష్టం. ఇతను రోజూ చావుకూజా గీస్తున్నాడు. పరదేశం చావైనా చావు చావేగదా. వారాంతాల్లో సారెపాలెం వచ్చినా సారెకి దూరంగా అరుగు మీద కూర్చునేవాడు. కంచం వేరే. లోవతల్లి మీద చెయ్యి వేసేవాడు కాదు.

"మరీ చోద్యం మావా," అంది లోవతల్లి. "రెండువేల నాలుగొందల ఏళ్ళయ్యాక కూడా మైలేనా?"

"ఆళ్ళకి పదకొండోరోజు ఎవడు చేశాడో ఏటో. మనం పట్టాలిగదా."

"బుట్టాయన నీకు చుట్టమా పక్కమా?"

"నా చేత్తో ఏడుత్తన్నాడే. చుట్టం కాకపోతే ఏటి?"

ఆ నలభై రోజులూ ఊళ్ళో పెళ్ళిళ్ళు లేవు, మూఢం. ఇద్దరు ముసలివాళ్ళు పోతే గనిరాజు పినతండ్రి కొడుకు సింహాద్రి కుండలు చేసిచ్చాడు.

మూడోవారంలో ఒకరోజు హిమజ కంప్యూటరు దగ్గర విశ్వపతి చెవిలో ఏదో చెప్పింది. తెర మీద రెండు గీతలున్నాయి. ఎర్రది పైకి పోతోంది, నీలంది కిందకి జారుతోంది. విశ్వపతి చూశాడు. తొడుగులో ఉన్న గనిరాజు చేతివైపు చూశాడు. సరిగ్గా అప్పుడే ఆ చెయ్యి బుట్ట అల్లిక గీస్తోంది, ఈత ఆకు ఈత ఆకు మీద పడినట్టు, తప్పులేకుండా. "చూడు, ఎంత బాగా వస్తోందో," అన్నాడు. హిమజ తన కుర్చీలోకి వెళ్ళిపోయింది. గనిరాజు తనని మెచ్చుకున్నారనుకుని లోపల పొంగిపోయాడు.

నలభై ఒకటో రోజున తొడుగు లేకుండా గీయించారు. మాయమైపోయిన భాగాలకి కొత్త ముక్కలు అచ్చుపోసి, సుద్ద పూసి అతికించారు. వాటి మీద పోయిన కుర్రాడి మొహం రావాలి, అతనివైపు చాచిన ఆడమనిషి చెయ్యి రావాలి. గనిరాజు ఒక్క ఊపిరిలో గీశాడు. గదిలో పదిమందీ చప్పట్లు కొట్టారు. విశ్వపతి కళ్ళు తుడుచుకున్నాడు. ఫొటోలు తీశారు.

*

ఇంటికొచ్చాడు. పదకొండు రోజులు ఆగి, తలంటుకుని, పసుపునీళ్ళు పోసుకుని, సారెకి దణ్ణం పెట్టి కూర్చున్నాడు. మట్టిముద్ద మధ్యలో పెట్టి బొటనవేళ్ళు దించాడు. కుండ పొట్ట చెయ్యాలని వేళ్ళు బైటికి తోశాడు. వేళ్ళు లోపలికి వచ్చాయి. మట్టి సన్నగా, నిలువుగా లేచింది, మెడ చిక్కింది. కొట్టేసి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అదే. పదిసార్లు పెట్టాడు, పదిసార్లూ చావుకూజా లేచి నిలబడింది.

"చెయ్యి తిమ్మిరెక్కిందేమో," అంది లోవతల్లి. కొబ్బరినూనె కాచి రాసింది. వారం రాసింది. తర్వాత రాయడం మానేసి, అతని చేతిని తన చెంపకి ఆనించుకుంది. ఇరవైరెండేళ్ళ కాపురం. ఆ చెయ్యి ఆమె చెంప మీద అటూ ఇటూ కొంచెం కదిలి, ఎక్కడ ఆగాలో తెలీనట్టు ఆగింది.

"నీది కాదు," అంది ఆమె. అని ఏడ్చింది.

వైశాఖంలో గుడి కమిటీ ప్రెసిడెంటు గంధం చక్రరావు మేనకోడలి పెళ్ళి. కుండలు తప్పవు. సింహాద్రిని అడుగుదామంది లోవతల్లి. పెళ్ళికుండ సింహాద్రి చేస్తే మాన్యం ఎవరిదని అడుగుతారు, వద్దన్నాడు. చివరికి తుని సంతలో ఉత్తి కుండలు కొనుక్కొచ్చి, తాము చేసినట్టే సుద్ద పూసి ఎండబెట్టారు. గనిరాజు తండ్రి బతికుంటే సారె మీద తల బాదుకునేవాడు. ఇంక మిగిలింది వాకిట్లో గియ్యాల్సిన లత. ఎడంచేత్తో గియ్యడానికి లేదు, శుభకార్యం. లతొకటి వస్తే చాలు. పాతికేళ్ళు గీసిన లత. అది ఎక్కడికి పోతుందిలే అనుకున్నాడు.

మేళం వచ్చింది. పట్టుచీరలు, పళ్ళాలు, పిల్లలు. చక్రరావు చెల్లెలు గనిరాజుకి బొట్టు పెట్టి, తాంబూలం ఇచ్చి, "కానియ్యి తమ్ముడూ, ముహూర్తం దగ్గర పడతంది," అంది.

గనిరాజు కుంచె జాజులో ముంచాడు. లత మొదలు ఒక వంపు. ఆ వంపు పెట్టాడు. ఆ వంపు లతగా సాగలేదు, ఒక వీపు అయింది. వంగిన వీపు. ఆపుదామనుకున్నాడు, చెయ్యి ఊపిరి తీసుకోలేదు. వీపు నుంచి భుజం, భుజం నుంచి మెడ, విరబోసిన జుట్టు. కింద మెట్లు. మెట్ల మీద ఒళ్ళో బుట్ట. పెళ్ళికుండ తెల్లటి ఒంటి మీద, ఎర్రగా, ప్రాణం ఉన్నట్టు.

సన్నాయి ఆగింది. ముందు సన్నాయి, తర్వాత డోలు.

పెళ్ళికూతురి మామ్మ కళ్ళు చికిలించి ముందుకొచ్చింది. "బాగానే గీశావు గానీ, ఎవర్రా ఈ పిల్ల?" అంది. ఇంకొంచెం వంగింది. "ఏడుత్తందేటిరా ఇది?"

చక్రరావు చెల్లెలు పళ్ళెం కింద పడేసి కూతుర్ని వెనక్కి లాక్కుంది. ఎవరో "గోరీ, గోరీ గీశాడు," అన్నారు. వాకిలి ఖాళీ అవడానికి ఎంతోసేపు పట్టలేదు. గనిరాజు కుంచె విసిరేశాడు. విసిరింది అతనే. చెయ్యికి మాత్రం ఇంకా బుట్ట పూర్తవ్వలేదు, వేళ్ళు గాల్లో అల్లుతూనే ఉన్నాయి.

*

మర్నాడే మొగుడూ పెళ్ళాం విశాఖపట్నం వెళ్ళారు. విశ్వపతి కుర్చీ వేయించాడు, కాఫీ తెప్పించాడు, అంతా విన్నాడు. విని, సొరుగులోంచి కాగితం తీశాడు.

"రోజూ గంటసేపు నీ పని చేసుకోమని ఇందులో రాశాం గనిరాజూ. ఏ చెయ్యి వాడితే ఆ చెయ్యి నిలుస్తుంది. నువ్వు నలభై రోజులూ నీది వాడలేదు. వాడకపోతే పైది పాతుకుపోతుంది. సంతకం పెట్టావుగా."

"చావుకూజా గీసిన చేత్తో సారె ఎలా ముట్టుకుంటానండి?"

విశ్వపతికి ఆ మాట అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఆ మాట నాకు చెప్పాలి కదా," అన్నాడు.

"తమరు అడగాలి కదండి," అంది లోవతల్లి.

గోడవారగా నిలబడ్డ హిమజ అంది: "మూడోవారంలో నీలంగీత పడిపోతోందని మీకు చెప్పాను సార్."

గనిరాజు ఆ రోజు తెర మీద చూసిన రెండు గీతలూ గుర్తు తెచ్చుకున్నాడు. అందులో ఒకటి తనది. తను జారిపోతుంటే పక్కన కూర్చుని, మెచ్చుకుంటున్నారనుకుని సంబరపడ్డాడు. విశ్వపతిని కొడదామని లేచాడు. లేచి, ఏ చేత్తో కొట్టాలో తెలీక మళ్ళీ కూర్చున్నాడు.

"దారి ఉంది," అన్నాడు విశ్వపతి తొందరగా. "బుట్టాయన చెయ్యి కూజాలోంచి తీశాం కదా, నీ చెయ్యి నీ కుండలోంచి తీద్దాం. నువ్వు గీసిన పాత కుండ ఒక్కటి తీసుకురా. ఒక్కటి చాలు. నీది నీకు తొడుగుతాను."

గనిరాజు నవ్వాడు. ఆ నవ్వు చూసి లోవతల్లి భయపడింది.

అయినా తిరిగారు. పాతికేళ్ళలో ఎన్ని పెళ్ళిళ్ళకి ఇచ్చాడో, అన్ని ఇళ్ళకీ వెళ్ళారు. పదహార్రోజుల పండగ అవగానే అరివేణి కుండలు ఏలేట్లో కలిపేస్తారు, ఇంట ఉంచుకోకూడదు. ప్రతి ఇంటా అదే మాట. "ఉంచుకుంటే అరిష్టం గదా, నీకు తెలీదేటి గనిరాజూ?" కాలవ అడుగు దేవాడు, గుప్పెడు బురద వచ్చింది. శ్మశానానికి వెళ్ళి తన చేతిమీదుగా వెళ్ళిన కుండల పెంకులు బస్తాడు ఏరుకొచ్చాడు. చావుకుండకి రంగుండదు. లోపలి వేలిగాట్లయినా ఉంటాయేమోనని విశ్వపతి వెలుగు పాకించాడు. ఉండవు. పచ్చిగా ఉండగానే లోపల రాయి ఆనించి, పైన చెక్కతో కొట్టి కుండని సాపు చేస్తారు. ఎంత బాగా కొడితే అంత నున్నగా ఉంటుంది. గనిరాజు చాలా బాగా కొట్టేవాడు.

గ్రీకువాడు తన కూజాల్ని గోరీలో దాచిపెట్టాడు కాబట్టి వాడి చెయ్యి దొరికింది. వీడి కుండలు వాడగానే పగలాలి, మునగాలి. తాతలు నేర్పిన పద్ధతిలో ఒక్కటి తప్పకుండా పనిచేశాడు గనిరాజు, అందుకే అతని చెయ్యి ఈ భూమ్మీద ఎక్కడా లేదు.

"ఇక్కడే ఉండిపో," అన్నాడు విశ్వపతి ఆఖరికి. "మ్యూజియాలకి నకళ్ళు కావాలి. నెలజీతం ఇప్పిస్తాను."

"చావుకూజాలు చేసుకుని బతకమంటారా?"

"అవి కళాఖండాలు గనిరాజూ."

"తమరింట్లో పెళ్ళికి ఒకటి పంపిస్తానండి. హాల్లో పెట్టుకోండి," అన్నాడు గనిరాజు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. విశ్వపతి రాసిన పరిశోధనాపత్రంలో అతని పేరు లేదు. 'గ్రామీణ గ్రహీత ఒకరు' అని ఉందని హిమజ ఫోను చేసి చెప్పింది. చెప్పి, సారీ అండి అంది. ఆ అమ్మాయి ఆ ఉద్యోగం మానలేదు. ఎందుకు మానుతుంది.

*

జ్యేష్ఠంలో గుడి కమిటీ కూర్చుంది. పెళ్ళి వేరే ఊరి కుండలతో అయిపోయింది గానీ, పెళ్ళికూతురు భయంతో జ్వరపడి మూడురోజులు లేవలేదు. చక్రరావు గొంతు పెంచలేదు. గొంతు పెంచితే గనిరాజుకి కొంచెం తేలిగ్గా ఉండేది.

"నీ మీద కోపం లేదురా. పెళ్ళికుండ ఇవ్వలేనివాడి దగ్గర మాన్యం ఎలా ఉంచుతాం? మీ సింహాద్రికి రాత్తన్నాం. దొండపాటోళ్ళ ఇంటి పేరు పోదుగదా."

సింహాద్రి తల దించుకుని, కాలి బొటనవేలితో నేల గీరుతూ, "అన్నయ్యా, నువ్వు ఊ అంటేనే," అన్నాడు.

"ఊ అనకపోతే మానేత్తావా?"

సింహాద్రి మానేస్తాననలేదు.

వదులుకుంటున్నట్టు కాగితం రాశారు. ఐదో తరగతి చదివినవాడే గదా అని సంతకం పెట్టమని కలం ఇచ్చారు. గనిరాజు తన పేరులో మొదటి అక్షరం తలకట్టు పెట్టాడు. అది ఒక చెంప వంపు అయింది. కరణంగారి మనవడు చూసి కాగితం లాగేసుకున్నాడు, పాడైపోతుందని. అందుకని వేలిముద్ర వేయించారు. బొటనవేలు సిరాలో అద్ది, లోవతల్లే అతని మణికట్టు పట్టుకుని కాగితం మీద నొక్కింది. ఆ చేతిలో అతనిదంటూ మిగిలింది ఆ ముద్ర ఒక్కటే. అదీ అక్కడ పెట్టేశాడు.

చక్రరావు కాగితం ఎత్తి, అందరికీ వినపడేట్టు చదివాడు: నూకాలమ్మ గుడి మాన్యం, సర్వే నంబరు నూట పద్నాలుగులో రెండో చెక్క, ఎకరం పదిహేడున్నర సెంట్లు.